తోకోర్ డాలు

మా పెదనాన్న కొడుకు బేనే సముద్రంలో పోయిన ఏడు తూర్పుగాలి ముందే పట్టుకుంది. నదీ సముద్రమూ కలిసేచోట నీళ్ళు పొయ్యి మీద గంజిలా కుతకుతలాడేవి. ఆ నెలల్లో అటువైపు దోనె వేసుకుపోవడానికి ఎవరికీ గుండె చాలదు. మా నాన్న తోకోర్‌కి చాలింది. ఎన్నాళ్ళీ ఉత్త సగ్గురొట్టెలని అమ్మ సణిగితే, "రేపు చూడు, బుట్ట మొయ్యలేక చస్తావు" అని నవ్వి, తెల్లవారగానే బేనేని వెంటేసుకుని చేపలకి వెళ్ళాడు. బేనేకి అప్పుడే నూనూగు మీసాలు వస్తున్నాయి. బాబాయి ఎక్కడికంటే వాడూ అక్కడికే.

పొద్దు వాలుతుంటే నాన్న ఒక్కడే వచ్చాడు, పొరుగూరివాళ్ళ దోనెలో. చేతిలో తెడ్డు లేదు. ఎడమ చెయ్యి మోచేతి దాకా గీరుకుపోయి నెత్తురు కారుతోంది. రేవులో బురదలోకి దిగి అక్కడే నిలబడ్డాడు, పైకి రాలేదు.

పెదనాన్న సిమ్నీ పొడుగింట్లోంచి బయటికొచ్చాడు. ఊళ్ళో మగవాళ్ళంతా కూడే ఆ పొడుగింటికి ఆయనే పెద్ద. ఆయన మాటంటే మాటే. మా నది పొడుగునా అంత చక్కగా ఉలి పట్టేవాడు ఇంకొకడు లేడు.

"వాడేడీ?" అన్నాడు.

"దోనె తిరగబడిందన్నా. చెయ్యి పట్టుకునే ఉన్నా. చాలాసేపు పట్టుకునే ఉన్నా."

"తర్వాత?"

"జారింది."

"జారిందా, వదిలేశావా?"

నాన్న గీరుకుపోయిన తన చెయ్యి చూసుకున్నాడు. అంత అలలో అసలేం జరిగిందో ఆయనకే తెలియదేమో. పెదనాన్న మళ్ళీ అడగలేదు. మెట్ల మీద పెద్దమ్మ ఒక్క కేక వేసి కిందికి దూకి, బురదలో పొర్లడం మొదలుపెట్టింది. మా దగ్గర ఇంట్లో మనిషి పోతే ఆడవాళ్ళు జుట్టు కోసేసుకుని ఒళ్ళంతా బురద పూసుకుంటారు. అది ఎండి, పెచ్చులూడి, మళ్ళీ పూసుకుంటూ ఏడుస్తారు. పెద్దమ్మ జుట్టు కొయ్యడానికి మా అమ్మే వెళ్ళింది. "నువ్వు ముట్టుకోకు ఆకత్, నీ మొగుడు ఇంటికొచ్చాడుగా" అంది పెద్దమ్మ, అమ్మ చెయ్యి తోసేసి.

బేనే ఒళ్ళు దొరకలేదు.

అప్పుడు నాకు పధ్నాలుగేళ్ళుంటాయి. చెల్లి ఎల్మా ఇంకా పాలపళ్ళ పిల్ల.

ఏటా వానలకి ముందు నదిమొగలో ఉన్న పట్నంలో చెక్కడాల పండగ జరుగుతుంది. అన్ని నదుల మీది ఊళ్ళవాళ్ళూ డాళ్ళూ, ఈటెలూ, పూర్వీకుల బొమ్మలూ, దోనె ముక్కులూ చెక్కి పట్టుకుపోతారు. అందులో మేలైనవాటిని మ్యూజియం వాళ్ళు తీసుకుని తమ పెద్ద గదిలో నిలబెడతారు. ఊరికి అంతకు మించిన గొప్ప లేదు. అయితే డాలుకి పేరుండాలి. పేరు లేని డాలు ఉత్త పలక. ఆ మధ్య పోయినవాళ్ళ పేరే దానికి పెడతారు. పెట్టాక పోయినవాడు అందులోకి వచ్చి ఊరి వైపు నిలబడతాడని మా నమ్మకం.

పెదనాన్న ఆ ఏడు డాలు చెక్కుతున్నాడంటే ఎవరి పేరు పెడతాడో ఎవరూ అడగలేదు. అడిగే పనేముంది?

మడ అడవిలోకి ఒక్కడే వెళ్ళి, చెట్టు మొదట్లో గోడలా లేచిన వేరు నరికి తెచ్చాడు. పొడుగింట్లో పడమటి పొయ్యి దగ్గర కూర్చుని పొద్దంతా చెక్కేవాడు. నాన్న రోజూ అక్కడికి పోయేవాడు. ముందు గడప దగ్గర, తర్వాత కొంచెం లోపల, చివరికి అన్న పక్కనే కూర్చున్నాడు. పెదనాన్న పొమ్మనలేదు, రమ్మనలేదు. నాన్నే ఉలి నూరి ఇచ్చేవాడు. వేరుని తిప్పాల్సొస్తే అటు కొస పట్టేవాడు. ఎర్రరంగు మట్టి కోసం ఎగువకి పోయి గంపెడు తెచ్చాడు. తెల్లరంగుకి ఆలిచిప్పలు కాల్చి నా చేత నూరించాడు.

"మెత్తగా నూరవే రూఫినా. గరుకుంటే పెదనాన్నకి నచ్చదు" అనేవాడు. "అన్నయ్య నాతో మాట్లాడుతున్నాడు తెలుసా? ఇవాళ ‘ఇటు పట్టు’ అన్నాడు."

ఆ మాటకి మా ఇంట్లో పండగే. అమ్మ ఆ పూట సగ్గుమానులో దొరికే లావుపాటి పురుగులు కాల్చి పెట్టింది. నాన్న తిని, పాట పాడి, చెల్లిని భుజాల మీద ఎక్కించుకుని, ఇళ్ళ ముందు బురద మీద వేసిన చెక్కల వంతెన మీద అటూ ఇటూ తిరిగాడు.

డాలు అయిపోయింది. అంత అందమైనదాన్ని నేను మళ్ళీ చూడలేదు. పైన మనిషి తల, కింద గబ్బిలాల రెక్కలు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు ఎర్రటి వంకీలు. కళ్ళు మాత్రం గీతల్లా మూసి ఉన్నాయి.

పేరు పెట్టే రోజు మధ్యాహ్నం మగవాళ్ళు పొడుగింట్లో డప్పులు పట్టారు. ఆడవాళ్ళం బయట వంతెన మీద కూర్చున్నాం. తలుపులన్నీ తీసే ఉన్నాయి, లోపలివన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. పెదనాన్న డాలుని లేపి గుమ్మానికి ఎదురుగా నిలబెట్టాడు. డప్పులు ఆగాయి. పెద్దమ్మ బురద మొహంతో ముందుకి జరిగింది, కొడుకు పేరు వినాలని.

"దీని పేరు తోకోర్" అన్నాడు పెదనాన్న.

నాన్న ముందు నవ్వాడు.

"అదేంటన్నా, నా పేరు పెట్టావు? బేనే పేరు గదా పెట్టాలి. నేనిక్కడే ఉన్నాను గదా."

పెదనాన్న అటు చూడలేదు. పక్కనున్న సోంబర్‌తో, "గాలి లేచినట్టుంది. ఏదో చప్పుడవుతోంది" అన్నాడు.

సోంబర్‌కి ఎప్పుడూ ఎవరో ఒకరిని ఆడించాలి. ఊళ్ళో నవ్వులన్నీ వాడి దగ్గరే పుడతాయి. "అవును, గాలే" అన్నాడు. డాలు వైపు చూస్తూ, "తోకోర్ మంచివాడే పాపం. తెడ్డు బాగా వేసేవాడు" అన్నాడు.

ఎవడో కిసుక్కుమన్నాడు.

"పాట కూడా పాడేవాడు."

"తిండి మాత్రం ఇద్దరిది తినేవాడు, పాపం."

పొడుగిల్లంతా నవ్వింది. నాన్న కూడా అందరితో కలిసి నవ్వి, "అందగాడు కూడానయ్యా, అది మర్చిపోయారేం!" అన్నాడు. ఆయన గొంతు వినబడగానే నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. డప్పులవాళ్ళు మళ్ళీ డప్పులందుకున్నారు. పెద్దమ్మ లేచి ఇంటికి పోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందంటే, ఆ గోళ్ళ గుర్తులు మర్నాటికీ పోలేదు.

అదొక వేళాకోళమనే అనుకున్నాం. పెదనాన్న కడుపుమంట, రెండు రోజుల్లో చల్లారుతుందనుకున్నాం. కానీ ఊరికి ఆ ఆట రుచి తగిలింది. నాన్న వంతెన మీద నడిచొస్తుంటే ఎదురొచ్చేవాళ్ళు పక్కకి తొలగరు. ఎవరూ లేనట్టు నేరుగా నడుస్తారు. ఆయనే బురదలోకి దిగాలి. పలకరిస్తే, పక్కవాడితో "ఏమన్నావ్?" అంటారు. "నేనేమీ అన్లేదే" అంటాడు వాడు. చేప పంచుకునేటప్పుడు అందరి ముందూ వాటా పడుతుంది, నాన్న ముందు పడదు. ఆయన చెయ్యి చాచి తీసుకుంటే, "కాకి ఎత్తుకుపోయింది రోయ్" అని సోంబర్ కేక.

పిల్లలు ఇంకా బాగా ఆడేవారు. నాన్న ఎదుట నిలబడి, ఆయన ముక్కు దాకా మొహాలు పెట్టి, కళ్ళు ఆర్పకుండా ఆయన్ని దాటి దూరంగా చూసేవారు. ఎవడు ముందు నవ్వితే వాడు ఓడినట్టు. మా ఎల్మా ఒక్కసారీ ఓడేది కాదు. నాన్న దానికి చక్కిలిగింతలు పెట్టినా, నాలుక బయటపెట్టి కోతిలా గంతులేసినా పెదవి కదిలించేది కాదు.

"బంగారుతల్లి! దీన్ని గెలవడం ఎవరి తరమూ కాదు" అని మురిసేవాడు నాన్న.

నేను దాన్ని వెనక్కి లాగి ఒకటిచ్చాను. "అదంతా ఆటే, ఎందుకే పిల్లని కొడతావు?" అని నన్నే తిట్టాడు.

పట్నానికి బయల్దేరిన రోజు పెద్ద దోనెలో అందరూ నిలబడి తెడ్లు పట్టుకున్నారు. డాలుని ముందు వైపు నిలబెట్టారు. నాన్న తన చోటికి వెళ్ళబోతే ఎవరూ జరగలేదు. ఆయన చిన్న దోనె తెచ్చుకుని, అమ్మనీ మమ్మల్నీ ఎక్కించుకుని వెనకాల వచ్చాడు. దారి పొడుగునా ముందు దోనెవాళ్ళు చనిపోయిన తోకోర్ మీద పాట కట్టి పాడుతూనే ఉన్నారు. ఇద్దరి తిండి తినేవాడా, ఇప్పుడు నీకు ఎవరు వండుతున్నారు అని పల్లవి. నాన్న ఆ పాట తాళానికే తెడ్డు వేశాడు. ముందు కూర్చున్న అమ్మ తెడ్డూ ఆ తాళానికే పడుతోంది, ఇంకో తాళానికి వేస్తే దోనె అడ్డం తిరుగుతుంది మరి.

డాలు గెలిచింది. మ్యూజియం వాళ్ళు మమ్మల్నందరినీ లోపలికి రానిచ్చారు. పొడుగాటి చల్లని గది. గోడ వెంట డాళ్ళు, వాటి కింద ఈటెలు, గాజు పెట్టెల్లో పక్షి ఎముకల బాకులు. ఒకప్పుడు మా తాతలు మనుషుల్ని చంపిన బాకులు అవి. వాటి పక్కన బోర్నియో కత్తులూ, జావా మెలికల బాకులూ, ఇంకా ఎక్కడెక్కడివో. ఒక్కోదాని దగ్గరా పేరూ వివరమూ రాసిన చిన్న అట్టముక్క. తలపండిన ఒక సారు కలం పట్టుకొచ్చి పెదనాన్నని మర్యాదగా కూర్చోబెట్టి అడిగాడు.

"డాలు పేరేమిటి పెద్దాయనా?"

"తోకోర్."

"మీకు ఏమవుతాడు?"

"తోడబుట్టినవాడు."

"అయ్యో. ఎలా పోయాడు?"

"ఈ తూర్పుగాలికే. సముద్రంలో దోనె తిరగబడింది. చెయ్యి పట్టుకునేవాడు లేకపోయాడు."

సారు రాసుకున్నాడు. నాన్న జనంలోంచి ముందుకొచ్చాడు. చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు ఆ రోజు.

"సారూ, తోకోర్ అంటే నేనే. నేను బతికే ఉన్నాను."

సారు కలం ఆపి పెదనాన్న వైపు చూశాడు. పెదనాన్న డాలునే చూస్తున్నాడు. సోంబర్ ముందుకొచ్చి, "పట్టించుకోకండి సారూ. పోయినతనికి బాగా దగ్గరివాడు. ఆ దిగులుతో ఇలా అయ్యాడు" అన్నాడు. మా ఊరివాళ్ళంతా తలలూపారు. అందరూ అంత పొందికగా తలలూపడం చూస్తే నాకే ఒక్క క్షణం అది నిజమేననిపించింది.

"ఆకత్, నువ్వు చెప్పు" అన్నాడు నాన్న అమ్మవైపు తిరిగి.

అమ్మ పెదనాన్న మొహం చూసింది. మా వెనక నిలబడ్డ ఆడవాళ్ళ మొహాలూ చూసింది. చెల్లిని ఎత్తుకుని నేలచూపులు చూస్తూ ఉండిపోయింది.

సారు మంచివాడే. కుర్చీలోంచి లేచి నాన్న భుజం మీద చెయ్యి వేశాడు. "బాధపడకు బాబూ. మీవాడి పేరు ఇక్కడ ఎప్పటికీ ఉంటుంది. రోజూ తుడిచి శుభ్రంగా పెడతాం" అన్నాడు.

"అలాగే సారూ" అన్నాడు నాన్న.

తిరిగొచ్చాక ఎల్మాకి జ్వరం పట్టింది. అక్కణ్ణించి ఊళ్ళో నవ్వులు పోయాయి. నవ్వేటప్పుడే నయం. ఇప్పుడు మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్ళు నిజంగానే భయపడి అవతలి అంచున నడిచేవారు. పోయినవాడు కూర్చుని తినే ఇంట్లో పిల్లలు నిలవరు అన్నారు. సగ్గుచెట్టు నరికి పిండి తీసేటప్పుడు అమ్మని పిలవడం మానేశారు. మా బుట్ట అడుగున బూజు పట్టిన ముద్ద ఒకటి మిగిలింది.

పొడుగింటి వైపు ఆడవాళ్ళు వంతెన మీద నిలబడే మాట్లాడారు.

"మొగుడు పోయిన ఆడది జుట్టు దువ్వుకుని తిరుగుతుంటే ఊరికి మంచిదటే?"

"పోయినవాడికి తను పోయినట్టు తెలియాలి గదా ఆకత్. తెలిస్తే పోతాడు. పిల్ల బతుకుతుంది."

"మేం వద్దంటున్నామా? బురద పూసుకున్న రోజే వచ్చి వాటా పట్టుకుపో."

అరుగు మీద నాన్న వల అల్లుకుంటూ ఆ మాటలన్నీ వింటున్నాడు. వాళ్ళు పోయాక అమ్మ లోపలికొచ్చి ఎల్మా ఒళ్ళు పట్టి చూసింది. పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చుంది.

మర్నాడు పట్టపగలు, పాటుకి నీళ్ళు వెనక్కి తీసి రేవంతా బురద తేలినప్పుడు, అమ్మ కత్తి తీసుకుని కిందికి దిగింది. జుట్టు మొదళ్ళ దాకా కోసేసుకుంది. కూర్చుని కాళ్ళకీ, పొట్టకీ, రొమ్ములకీ, మొహానికీ దోసిళ్ళతో బురద పూసుకుంది. ఏడవలేదు. మెట్లెక్కి పైకొచ్చి అరుగు మీద నిలబడింది. ఆమె కళ్ళు మాత్రమే అమ్మవిలా ఉన్నాయి.

నాన్న వల పక్కన పెట్టాడు. చుట్టూ తిరిగి చూశాడు.

"వెనక అంటలేదు" అన్నాడు.

దిగి వెళ్ళి రెండు చేతులతో బురద తెచ్చాడు. "వంగు" అన్నాడు. అమ్మ వంగింది. మెడ వెనకా, వెన్నుపూస వెంటా, నడుం దాకా ఎక్కడా వదలకుండా పూశాడు. చెవి వెనక కాస్త మిగిలిపోతే వేలితో అద్దాడు.

"ఇక నిలబడు. ఎండకి ఆరనీ, లేకపోతే రాలిపోతుంది."

"ఊఁ" అంది అమ్మ.

లోపల చాప మీద నుంచి ఎల్మా తల ఎత్తి, "అమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావ్?" అంది.

మర్నాడు పొద్దున్నే నాన్న గొడ్డలీ, తెడ్డూ పెట్టుకుని చిన్న దోనెలో ఎగువకి వెళ్ళిపోయాడు. నేను రేవులో నీళ్ళు ముంచుతున్నాను. "నూరిన సున్నం కళ్ళలో పడనీకు" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో తెలియదు. పండగ అయిపోయింది, ఇంట్లో ఎవరూ సున్నం నూరడం లేదు. దోనె వంపు తిరిగాక అమ్మ గొంతెత్తి ఏడ్చింది. ఆడవాళ్ళంతా పరుగున వచ్చి ఆమె చుట్టూ కూలబడి, ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. వాళ్ళు ఉత్తుత్తినే ఏడ్చారని నేననను. పెదనాన్న కూడా వచ్చాడు. నుదురు స్తంభానికేసి కొట్టుకుంటూ "తమ్ముడా, తమ్ముడా" అని అందరికన్నా పెద్దగా ఏడ్చాడు. ఆ నుదుటి మీద గాటు చాలాకాలం మానలేదు.

ఆ రోజు నుంచి మాకు దేనికీ లోటు లేదు. సగ్గుపిండి, చేపలు, పురుగులు, అడవిపంది తొడ. ఎల్మా కోలుకుంది. పెదనాన్న దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "తండ్రి లేని పిల్ల" అని తన ముద్దలోంచి పెట్టేవాడు. ఎంతో ప్రేమగా పెట్టేవాడు.

పెద్దమ్మే ఒకరోజు పొడుగింటి గుమ్మంలోకి వచ్చింది, ఆడవాళ్ళు అలా రాకూడదు. పెదనాన్న చుట్టూ మగవాళ్ళున్నారు.

"నా కొడుకు డాలేదయ్యా?" అంది.

"వచ్చే ఏడు చెక్కుతాను."

"వచ్చే ఏడు ఇంకెవర్ని చంపుతావు?"

సోంబర్ పక్కకి తిరిగి పొయ్యి ఎగదోశాడు. పెదనాన్న చేతిలో ఉలి ఉంది. దాన్ని బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. "బేనే" అన్నాడు తనలో తనే, కొడుకు పోయాక ఆ పేరు ఎత్తడం అదే మొదటిసారి. పెద్దమ్మ వెళ్ళిపోయింది. ఆయన ఆ తర్వాత దేన్నీ చెక్కలేదు.

వానలు వెనకపట్టే వేళకి ఎగువనించి వచ్చిన వర్తకులు చెప్పారు, అగరుచెక్క కొట్టే చోట నాన్న ఉన్నాడని. అమ్మ ఎవరితోనూ అనకుండా నన్ను దోనె ముందు కూర్చోబెట్టి బయల్దేరింది. ఒంటి మీద బురద దారిలోనే కడిగేసుకుంది. జుట్టు వేలెడు మొలిచింది. నీళ్ళలో మొహం చూసుకుని చేత్తో సర్దుకుంది.

మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఒడ్డున నాలుగైదు పాకలు. నాన్న ఒక పాక ముందు దుంగ చీలుస్తున్నాడు. కాస్త ఒళ్ళు చేశాడు. మమ్మల్ని చూసి గొడ్డలి దించి, దోనె తాడు అందుకుని కట్టాడు.

"ఎల్మా ఎలా ఉంది?" అన్నాడు నాతో.

"పళ్ళూడుతున్నాయి."

"మంచిది" అని నవ్వాడు.

"ఇంటికి రా" అంది అమ్మ. "బావగారు ఏమన్నా నేను చూసుకుంటాను. నేనే చెప్తాను అందరికీ. పట్నం పోయి ఆ సారుకీ చెప్తాను."

నాన్న చెమట తుడుచుకున్నాడు. అంతలో పాకలోంచి ఒక పడుచు మనిషి వచ్చింది, ఎగువ కొండలవైపు మనిషి. ఇంకా కడుపేమీ కనబడటం లేదు గానీ చెయ్యి పొట్ట మీదే ఉంది. మమ్మల్ని మంచిగానే చూసింది.

"ఎవరు వీళ్ళు?" అని అడిగింది.

నాన్న అమ్మని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేరుగా కళ్ళలోకే చూశాడు.

"మా అన్న మనుషులు" అన్నాడు. "దూరం నించి వచ్చారు. ఏదైనా పెట్టు."

ఆమె ఆకులో కాల్చిన చేప తెచ్చి పెట్టింది. అమ్మ కూర్చుని తింది. ముళ్ళు ఏరి నాకూ పెట్టింది. పోటు నీళ్ళు ఎదురు తిరిగేలోపు బయల్దేరమని నాన్న అంటే, చేతులు కడుక్కుని ఆ మనిషికి వెళ్ళొస్తామని చెప్పి, తెడ్డు అందుకుంది.